రెటీనా ఫోటోలో రక్తనాళాలు: 96 శాతం మార్కు వెనక ఏముంది?

చెన్నైలో వడపళని నుంచి టీ నగర్ దాకా తిరిగితే ఇంజనీరింగ్ పిల్లలకు ఫైనలియర్ ప్రాజెక్టులు చేయించే సెంటర్ల బోర్డులు కనిపిస్తుంటాయి. వాళ్ల జాబితాల్లో ఇమేజ్ ప్రాసెసింగ్ కింద ఏళ్లు గడిచినా కదలని టాపిక్ ఒకటుంది: రెటీనా (కంటి వెనక లోపలి గోడ) ఫోటోలో రక్తనాళాలను కంప్యూటర్ తనంతట తాను గుర్తించడం. నెల్లూరు, తిరుపతి, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే మన పిల్లల్లోనూ దీన్ని ఎంచుకునేవాళ్లు ఉంటారు. తెలిసినవాళ్ల పిల్లలు కొందరు రిపోర్టు ఒకసారి చూసిపెట్టమని నాకు పంపిస్తుంటారు. చివరి చాప్టర్లో ఇంచుమించు ఒకే వాక్యం: "మా పద్ధతి 96 శాతం యాక్యురసీ సాధించింది." వైవాలో ఎగ్జామినర్ సరేనంటాడు, అక్కడితో అయిపోతుంది.

నూటికి 96 వచ్చాక ఇంక చేయాల్సిందేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 1980ల చివరి నుంచి ఈ సమస్య మీద పరిశోధన పత్రాలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. నిజంగా తేలిపోయిన లెక్కయితే ఇంతమంది ఇన్నేళ్లు పట్టుకుని కూర్చోరు. నాకు అర్థమైనంతవరకు ఆ 96 శాతం కొలిచేది పనిలో తేలికైన భాగాన్నే. అసలు కష్టం కొంత మిగిలిన నాలుగు శాతంలో ఉంది, చాలావరకు ఆ మార్కు వేసే పద్ధతిలోనే ఉంది. అది తెలియాలంటే ముందు ఆ ఫోటోలో ఏముంటుందో చూడాలి.

కంటి లోపలి గోడ

కోత లేకుండా, సూది గుచ్చకుండా శరీరం లోపలి రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే చోటు రెటీనా. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి పరిచయం చేశాకే డాక్టర్లకు ఈ వీలు దొరికింది. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది. అంటే మద్రాసులో కంటి ఆసుపత్రి తెరిచిన ముప్ఫై ఏళ్లకు గానీ కంటి లోపలికి తొంగిచూసే సాధనం పుట్టలేదు. అన్నాళ్లూ అక్కడి వైద్యులు వెనక గోడ చూడకుండానే వైద్యం చేశారన్నమాట.

ఇప్పుడు ఆ గోడను ఫోటో తీస్తారు. కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యేదాకా కాసేపు కూర్చోబెట్టి, గడ్డం స్టాండు మీద ఆనించమని ఒక్క ఫ్లాష్ కొడతారు. చుక్కలు లేకుండా తీసే కెమెరాలూ ఉన్నాయి. వచ్చేది నల్లటి చతురస్రం మధ్య నారింజ ఎరుపు రంగులో ఉన్న గుండ్రటి బొమ్మ. దీన్నే ఫండస్ ఫోటో అంటారు. ఒక పక్కగా లేత పసుపు రంగులో కనిపించే బిళ్ల ఆప్టిక్ డిస్క్. రక్తనాళాలు అక్కడి నుంచే లోపలికి వచ్చి, కొమ్మలు చీలుతూ నలువైపులా పరుచుకుంటాయి. ఇంకోవైపు ముదురు రంగులో కనిపించేది మాక్యులా, స్పష్టమైన చూపుకు కీలకమైన చోటు. దాని నడిమధ్యలో రక్తనాళాలు ఉండవు. ధమనులు కాస్త సన్నగా, లేత ఎరుపుగా ఉంటే సిరలు లావుగా, ముదురుగా ఉంటాయి.

ఈ నాళాల మీద అంత శ్రద్ధ ఎందుకో మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, ఐసీఎంఆర్‌తో కలిసి చేసి 2023లో ప్రచురించిన సర్వే అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. చెన్నై నగరంలోనే శంకర నేత్రాలయ పరిశోధకులు జరిపిన అధ్యయనంలో షుగర్ ఉన్నవారిలో 18 శాతం మందికి రెటీనా దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. షుగర్ ముదిరితే సిరలు పూసల దండలా ఉబ్బెత్తుగా తయారవుతాయి, కొత్తగా బలహీనమైన నాళాలు మొలిచి చిట్లుతాయి. బీపీ ఎక్కువకాలం ఉంటే ధమనులు సన్నబడతాయి, ధమని సిరను దాటే చోట సిర నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల కళ్లలో నాళాలు వెడల్పై, మెలికలు తిరుగుతాయి. వెడల్పు, మెలిక, దాటే చోటు: ఇవన్నీ కొలవదగ్గవే. కొలవాలంటే ముందు ఫోటోలో ఏ పిక్సెల్ నాళం, ఏది కాదు అని విడదీయాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మెట్టు గురించే.

అంత తేలిక ఎందుకు కాదు

మన కంటికి స్పష్టంగా కనబడుతున్న గీతల్ని కంప్యూటర్ ఎందుకు పట్టుకోలేదు? నాళం ముదురుగా ఉంది, చుట్టూ లేతగా ఉంది. ఒక హద్దు పెట్టుకుని అంతకన్నా ముదురుగా ఉన్న పిక్సెళ్లన్నీ నాళాలే అనుకుంటే సరిపోదా?

చేసి చూస్తే బొమ్మ అంచుల్లో సగం నల్లబడిపోతుంది. ఫ్లాష్ వెలుగు రెటీనా మీద సమానంగా పడదు. మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ. చివర్లో ఉన్న ఖాళీ జాగా, మధ్యలో ఉన్న నాళం కన్నా ముదురుగా రావచ్చు. మాక్యులా సహజంగానే ముదురు. ఆప్టిక్ డిస్క్ మరీ తెల్లన కాబట్టి దాని అంచు గట్టి గీతలా కనిపించి నాళమేమో అని భ్రమ పెడుతుంది. లావు నాళాల నడుమ వెలుతురు పడి మెరిసే చార ఒకటి ఉంటుంది. దానివల్ల ఒక్క నాళం రెండు సమాంతర గీతలుగా చీలిపోతుంది. షుగర్ రోగి కంట్లో అయితే రక్తపు మచ్చలు నాళాల రంగులోనే ఉంటాయి, కొవ్వు పేరుకున్న పసుపు మచ్చల అంచులు మళ్లీ గీతలవుతాయి. శుక్లం ఉన్న పెద్దవాళ్ల ఫోటో అయితే మొత్తం మసక.

మొదట చేసే పని రంగు ఎంచుకోవడం. డిజిటల్ ఫోటోలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది, కాబట్టి ఆకుపచ్చ అంకెలు మాత్రమే తీసుకుంటే నాళాలు నల్లగా తేలుతాయి. ఎర్ర కాంతి రెటీనాను దాటి కింది పొర దాకా వెళ్లి తిరిగి రావడంతో నాళాలు వెలిసిపోయినట్టు ఉంటాయి. నీలంలో గరగర ఎక్కువ, పైగా వయసు మీరిన కంటి లెన్సు పసుపెక్కి నీలాన్ని అడ్డుకుంటుంది. అందుకే ఈ రంగంలో పాత పద్ధతుల్లో ఎక్కువ భాగం ఆకుపచ్చ చానెల్‌తోనే మొదలవుతాయి. ఆ తర్వాత బొమ్మను చిన్న గళ్లుగా తీసుకుని ఏ గడికి ఆ గడిలో వెలుగు నీడల తేడా పెంచుతారు. అది ఎడిటింగ్ యాప్‌లు చేసే పనిలాంటిదే, ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

గీతను వెతికే లెక్కలు

1989లో వచ్చిన ఒక పత్రం ఈ రంగానికి పునాది. అందులో మొదటి పేరు సుభాసిస్ చౌధురి. ఆయనే తర్వాతి కాలంలో ఐఐటీ బొంబాయి డైరెక్టర్ అయ్యారు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. నాళానికి అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత పొడవునా వెలుగు ఎంతుందో చూస్తే అది నెమ్మదిగా తగ్గి, మధ్యలో అడుగంటి, మళ్లీ పెరుగుతుంది. ఆ పల్లం ఆకారం తలకిందులు చేసిన గంట వక్రరేఖకు దగ్గరగా ఉంటుంది. చిన్న దూరం తీసుకుంటే నాళం దాదాపు తిన్నగానే పోతుంది. అయితే ఆ పల్లం ఆకారంలో ఒక చిన్న అచ్చు తయారుచేసి, బొమ్మలో ప్రతి చోటా పెట్టి, ఎంత బాగా సరిపోతోందో అంకె వేస్తే చాలు. నాళం ఏ దిక్కుకు పోతుందో ముందే తెలియదు గనక అచ్చును 15 డిగ్రీల చొప్పున తిప్పి 12 దిక్కుల్లో ప్రయత్నిస్తారు, ఎందులో ఎక్కువ సరిపోతే ఆ అంకె ఉంచుకుంటారు. చివర్లో హద్దు పెట్టి కోస్తారు.

దీని బలహీనత కూడా అచ్చులోనే ఉంది. పసుపు మచ్చ అంచు దగ్గర ఒకవైపు మాత్రమే వెలుగు పడిపోతుంది. అది పల్లం కాదు, మెట్టు. కానీ అచ్చు సగం సరిపోయేసరికి అక్కడా అంకె పెరుగుతుంది. అలా రోగం ఉన్న కంట్లోనే, అంటే మనకు ఎక్కువ అవసరమైన చోటే, తప్పులు ఎక్కువవుతాయి. 2000లో అమెరికా వాళ్లు, ఆడమ్ హూవర్ బృందం, ఒకే హద్దు బదులు ఒక్కో ముక్కకూ ఒక్కో హద్దు పెట్టి, అది పొడవుగా కొమ్మలతో ఉందా లేదా అని పరీక్షిస్తూ పోయే పద్ధతి చూపించారు.

1998లో ఫ్రాంజీ తదితరులు ఇంకో దారి పట్టారు. ఒక బిందువు దగ్గర నిలబడి ఏ దిక్కులో వెలుగు గట్టిగా వంపు తిరుగుతోంది, ఏ దిక్కులో అసలు మారడం లేదు అని రెండో అవకలజాల లెక్క వేస్తారు. గొట్టం పొడవునా మార్పు ఉండదు, అడ్డంగా మాత్రం గట్టిగా ఉంటుంది. మచ్చకు రెండు దిక్కులా ఉంటుంది, ఖాళీ జాగాకు ఎటూ ఉండదు. లావు నాళానికీ సన్న నాళానికీ ఒకే కొలత పనికిరాదు కాబట్టి వేర్వేరు పరిమాణాల్లో ఈ లెక్క చేసి పెద్దది తీసుకుంటారు. ఇంటర్‌లో లెక్కలు ఇష్టంగా చదివినవాళ్లకు ఈ పత్రం భలే నచ్చుతుంది. ఊపిరితిత్తుల, మెదడు స్కాన్‌లలో నాళాలు వెతికేందుకు ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక 2015 తర్వాత కథ మారింది. జర్మనీలోని ఫ్రైబర్గ్ వాళ్లు మైక్రోస్కోపు బొమ్మల్లో కణాలను విడదీయడానికి యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ కట్టారు. అచ్చు ఎలా ఉండాలో మనిషి చెప్పడు. వేలాది అచ్చుల్ని నెట్‌వర్కే ఉదాహరణల నుంచి తయారు చేసుకుంటుంది. ముందు బొమ్మను మెట్టు మెట్టుగా కుదించుకుంటూ పోయి "ఈ ప్రాంతంలో ఏముంది" అన్నది పట్టుకుంటుంది. తర్వాత మళ్లీ విప్పుకుంటూ వచ్చి ప్రతి పిక్సెల్‌కూ నాళమా కాదా అని జవాబు రాస్తుంది. కుదించేటప్పుడు పోయిన సూక్ష్మ వివరాలను నేరుగా అటు నుంచి ఇటు అందించే అడ్డదారులు మధ్యలో ఉంటాయి. సన్న నాళాలు బతికేది వాటి వల్లే. ఈ నెట్‌వర్క్, దాని సంతానం కలిసి పాత పద్ధతుల్ని పోటీలో వెనక్కి నెట్టేశాయి.

మరి ఉదాహరణలు ఎన్ని? ఇక్కడ కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. అందరూ వాడే డ్రైవ్ అనే సేకరణలో ఉన్నది మొత్తం 40 ఫోటోలు. నెదర్లాండ్స్‌లో షుగర్ రోగుల కంటి పరీక్షల నుంచి తీసి 2004లో బయటపెట్టారు. 20 నేర్పడానికి, 20 పరీక్షించడానికి. అందులో ఏడింటిలోనే రోగం తాలూకు తొలి గుర్తులున్నాయి, మిగతా 33 ఆరోగ్యంగా ఉన్న కళ్లే. ఇరవై ఫోటోలతో అంత పెద్ద నెట్‌వర్క్ ఎలా నేర్చుకుంటుందంటే, ఒక్కో ఫోటోలో గుండ్రటి భాగం వరకే లెక్కేసినా 2.2 లక్షలకు పైగా పిక్సెళ్లున్నాయి. దాన్ని ముక్కలు చేసి, తిప్పి, అద్దంలో చూపించినట్టు మార్చి, వెలుగు పెంచి తగ్గించి లక్షల ఉదాహరణలు పుట్టిస్తారు. పిక్సెళ్లకు కొరత ఉండదు. కానీ ఎన్ని రకాలుగా తిప్పినా అవి ఇరవై కళ్లే.

మార్కు వేసే తీరు

ఇప్పుడు ఆ 96కి వద్దాం. యాక్యురసీ అంటే మొత్తం పిక్సెళ్లలో ఎన్నిటికి సరైన జవాబు వచ్చిందన్న శాతం. డ్రైవ్ పరీక్ష ఫోటోల్లో చేత్తో నాళాలు గీసిన ఇద్దరిలో మొదటి మనిషి గుర్తించిన ప్రకారం నాళాలు ఆక్రమించింది 12.7 శాతం పిక్సెళ్లు. అంటే ఏ పనీ చేయకుండా "ఇందులో నాళాలే లేవు" అని మొత్తం నల్లటి బొమ్మ ఇచ్చే ప్రోగ్రామ్‌కు కూడా 87 శాతం యాక్యురసీ వచ్చేస్తుంది. గుండ్రటి బొమ్మ చుట్టూ ఉన్న నల్ల మూలల్ని కూడా లెక్కలో కలిపేస్తే అదే సోమరి ప్రోగ్రామ్ మార్కు 91 దాటుతుంది. నేను చూసిన రిపోర్టుల్లో మూలల్ని కలిపారో లేదో రాసినవి తక్కువ. కలపడం మోసమని అనను, చాలామందికి ఆ తేడా ఉందనే తెలియదు. కానీ 91 నుంచి 96కి రావడం వేరు, 87 నుంచి 96కి రావడం వేరు.

అందుకే సెన్సిటివిటీ చూడాలి. నిజంగా నాళమైన పిక్సెళ్లలో ఎన్నిటిని పట్టుకున్నావు అన్న లెక్క అది. దాంతోపాటు, నాళమని చూపించినవాటిలో ఎన్ని నిజమో కూడా చూడాలి. డైస్ స్కోరు ఈ రెంటినీ కలిపి ఒక అంకె చేస్తుంది. ఈ కొలతలు సోమరి ప్రోగ్రామ్‌కు సున్నా వేస్తాయి. అంతవరకు బాగానే ఉంది.

కానీ "నిజంగా నాళమైన" అని చెప్పేది ఎవరు? మనిషే. ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని గంటల తరబడి ఒక్కో నాళం మీద గీస్తూ పోతే వచ్చిన బొమ్మనే ప్రమాణంగా పెట్టుకుంటాం. డ్రైవ్ తయారుచేసినవాళ్లు ఒక మంచి పని చేశారు. పరీక్ష ఫోటోలన్నీ రెండో మనిషి చేత కూడా విడిగా గీయించారు. రెండో మనిషి 12.3 శాతం పిక్సెళ్లను నాళాలన్నాడు. 12.7, 12.3. చూడ్డానికి ఇద్దరూ ఏకాభిప్రాయంలో ఉన్నట్టే. కానీ మొదటివారి బొమ్మను సత్యమనుకుని రెండోవారికి మార్కు వేస్తే సెన్సిటివిటీ దాదాపు 78 శాతమే వస్తుంది. అంటే మొదటివారు నాళమన్న పిక్సెళ్లలో ఐదో వంతుకు పైగా రెండోవారు ఒప్పుకోలేదు, వేరేవాటిని నాళాలన్నారు. యాక్యురసీ మాత్రం 94.7. అమెరికాలో తయారైన స్టేర్ సేకరణలో అభిప్రాయభేదం దాచుకోవడానికే వీల్లేదు: ఇరవై ఫోటోల్లో ఒకరు 10.4 శాతం నాళాలంటే, ఇంకొకరు సన్నవాటిని కూడా పట్టుకుని 14.9 శాతం అన్నారు.

దీన్ని పట్టుకుని "యంత్రం మనిషిని మించిపోయింది" అని రాసే పత్రాలు కోకొల్లలు. 94.7 కన్నా 96 ఎక్కువే కదా. జరిగిందేమిటంటే, నేర్పించినప్పుడు చూపించిన గీతల్లో గీసినవాళ్ల చేతి అలవాటు కూడా ఉంటుంది: అంచును ఎక్కడ ఆపుతారు, ఎంత సన్నం దాకా పోతారు అన్నది. యంత్రం నాళాలతో పాటు ఆ అలవాటునూ నేర్చుకుంది. రెండో మనిషి దాన్ని నేర్చుకోలేదు, తన కంటితో చూశాడు. ఇందులో ఎవరు ఎవరిని మించారో నాకు తెలియడం లేదు.

మనుషులు ఎక్కడ విభేదిస్తారో చూస్తే ఇంకా అర్థమవుతుంది. డ్రైవ్ ఫోటో 45 డిగ్రీల మేర చూపిస్తుంది, అది రెటీనా మీద సుమారు 13 మిల్లీమీటర్లు. దాన్ని 540 పిక్సెళ్లలో సర్దారు. ఒక్కో పిక్సెల్ దాదాపు 24 మైక్రాన్లు. డిస్క్ పక్కన ఉన్న లావు సిర వెడల్పు 150 మైక్రాన్లు అనుకుంటే ఆరు పిక్సెళ్లు వస్తాయి. అక్కడ ఎవరికీ అనుమానం రాదు. కొమ్మలు చీలుతూ పోయేకొద్దీ మూడు పిక్సెళ్లు, రెండు, ఒకటి. మూడు పిక్సెళ్ల నాళానికి అంచు ఒక్క పిక్సెల్ అటూ ఇటూ గీస్తే మూడో వంతు తేడా. అతి సన్నటి కేశనాళికలు పది మైక్రాన్ల లోపే కాబట్టి అవి ఈ ఫోటోలో పడనే పడవు. వాటికి ఓసీటీ యాంజియోగ్రఫీ లాంటి వేరే పరీక్షలున్నాయి. మొత్తం మీద మార్కుల్లో ఎక్కువ భాగం తెచ్చిపెట్టేది లావు నాళాలు, ఖాళీ జాగా. వాటిని 1989 నాటి అచ్చు కూడా బాగానే పట్టుకుంటుంది.

ఇంకో చిక్కు తెగిపోవడం. కృష్ణా డెల్టా మ్యాపులో ఒక కాలువను ఒక్క చోట గోటి వెడల్పున చెరిపేశారనుకోండి. మ్యాపు మొత్తం మీద సిరా ఎంత పోయిందని లెక్కేస్తే ఏమీ పోలేదు. కానీ ఆ మ్యాపును నమ్ముకుని లెక్క వేస్తే దిగువన ఉన్న ఆయకట్టంతటికీ నీళ్లు లేనట్టే తేలుతుంది. నాళాల బొమ్మలోనూ అంతే. ఒక పిక్సెల్ తప్పితే డైస్ స్కోరు కదలదు, కానీ కొమ్మ చెట్టు నుంచి ఊడిపోతుంది. ఆ కొమ్మ ఏ ధమనికి చెందిందో, ఎంత పొడవు పోయిందో తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. పిక్సెళ్లన్నిటికీ ఒకే విలువ ఇవ్వడంలో ఉన్న లోపం ఇది. నాళాల నడిమి రేఖను మాత్రమే తీసుకుని అది ఎంతవరకు తెగకుండా ఉందో చూసే సీఎల్-డైస్ అనే కొలత 2021లో వచ్చింది. ఫైనలియర్ పిల్లలు వాడదగ్గదే, కోడ్ కూడా పెద్దది కాదు. అయినా రిపోర్టుల్లో ఇంకా యాక్యురసీదే రాజ్యం, ఎందుకంటే ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది.

కెమెరా మారితే

డ్రైవ్ మీద నేర్చిన నెట్‌వర్క్‌ను వేరే కెమెరా ఫోటో మీద పెడితే మార్కు పడిపోతుంది. ఇది మామూలే, కానీ ఎందుకు పడుతుందో విడివిడిగా చూడాలి. ఒకటి పరిమాణం. హెచ్‌ఆర్‌ఎఫ్ అనే సేకరణలో ఫోటోలు 3504 పిక్సెళ్ల వెడల్పు. డ్రైవ్‌లో ఆరు పిక్సెళ్లున్న నాళం అక్కడ దానికి అనేక రెట్లు ఉంటుంది. చిన్న అచ్చుకు అది నాళంలా కనిపించదు, రెండు అంచులుగా కనిపిస్తుంది. ఫోటోను కుదించి ఇస్తే లావు నాళాలు దొరుకుతాయి, సన్నవి కుదింపులో పోతాయి. రెండోది కన్ను. రెటీనా వెనక ఉన్న రంగు పొర మనవాళ్లలో ముదురుగా ఉంటుంది, దాంతో నాళానికీ నేపథ్యానికీ ఉన్న తేడా యూరప్ ఫోటోల్లో ఉన్నట్టు ఉండదు. మూడోది పరిస్థితి. బెంగళూరు కంపెనీలు ఫోరస్ హెల్త్, రెమిడియో లాంటివి ఊళ్లలో శిబిరాలకు మోసుకెళ్లగలిగే కెమెరాలు తయారు చేశాయి. రెమిడియోది స్మార్ట్‌ఫోన్‌తో ఫండస్ ఫోటో తీస్తుంది. స్టాండు మీద గడ్డం ఆనించి, చీకటి గదిలో తీసిన ఫోటోకూ శిబిరంలో తీసిన ఫోటోకూ తేడా ఉండక తప్పదు.

మన కళ్ల ఫోటోలే లేవా అంటే ఉన్నాయి. మహారాష్ట్రలోని నాందేడ్ కంటి క్లినిక్‌లో తీసిన 516 ఫోటోలతో 2018లో ఐడీఆర్ఐడీ సేకరణ వచ్చింది. అందులో 81 ఫోటోల్లో రక్తపు మచ్చలు, కొవ్వు మచ్చలు పిక్సెల్ పిక్సెల్‌గా గుర్తించి ఉన్నాయి. నాళాలు గుర్తించలేదు. ఆ 81 ఫోటోలకు నాళాల గీతలు గీసి 2022లో రెటా పేరుతో ఇంకొకరు బయటపెట్టారు. అదే ఏడు చైనా నుంచి ఫైవ్స్ అనే 800 ఫోటోల సేకరణ కూడా వచ్చింది, అందులో మూడొంతులు రోగం ఉన్న కళ్లు. ఇవన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకా డ్రైవ్ ఒక్కదాని మీద నేర్పి, డ్రైవ్ ఒక్కదాని మీదే పరీక్షించి సంతోషపడటానికి ఇప్పుడు సాకు లేదు.

అసలు నాళాల మ్యాపు అక్కర్లేదా?

ఈ రంగం తెలిసినవాళ్లు అడిగే గట్టి ప్రశ్న ఒకటుంది. 2016లో గూగుల్ పరిశోధకులు 1.28 లక్షల ఫండస్ ఫోటోలతో ఒక నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చారు. వాటిలో కొన్ని చెన్నై శంకర నేత్రాలయ, మదురై కేంద్రంగా ఉన్న అరవింద్, బెంగళూరు నారాయణ నేత్రాలయ నుంచి వచ్చినవి. ఆ నెట్‌వర్క్ నాళాలు వెతకదు, మచ్చలు వెతకదు. ఫోటో లోపలికి పోతే "డాక్టరుకు చూపించాలి, అక్కర్లేదు" అని జవాబు బయటికి వస్తుంది. నాళాల మ్యాపు లేకుండానే పని జరిగిపోతుంటే ఈ పాట్లెందుకు?

షుగర్ స్క్రీనింగ్ వరకు ఈ ప్రశ్న న్యాయమైనదే. పాత స్క్రీనింగ్ ప్రోగ్రాముల్లో నాళాల మ్యాపు ఎందుకు వేసేవారంటే, చాలావరకు వాటిని చెరిపేయడానికి. తెగిన నాళం ముక్క చిన్న రక్తపు మచ్చలా కనిపిస్తుంది కాబట్టి ముందు నాళాలను తీసేసి మిగిలినవాటిలో మచ్చలు వెతికేవారు. ఇప్పుడు ఆ అవసరం పోయింది.

కొలవాల్సిన చోట మాత్రం పోలేదు. బీపీ ప్రభావం చూడాలంటే డిస్క్ అంచు నుంచి అర డిస్క్ వ్యాసం దాటాక, ఒక వ్యాసం దూరం లోపల ఉన్న వలయంలో ఆరు పెద్ద ధమనుల, ఆరు పెద్ద సిరల వెడల్పులు తీసుకుని నిష్పత్తి కడతారు. దీనికి మ్యాపు ఉండటమే చాలదు, ఏది ధమనో ఏది సిరో కూడా చెప్పాలి. ఇక్కడ శరీర నిర్మాణం ఒక చిన్న సాయం చేస్తుంది: రెటీనాలో సాధారణంగా ధమని ధమనిని దాటదు, సిర సిరను దాటదు. ఎక్కడ దాటుతున్నట్టు కనిపించినా రెంటిలో ఒకటి ధమని, ఒకటి సిర. ఒకదాన్ని ఖాయం చేసుకుంటే ఈ నియమం పట్టుకుని చుట్టుపక్కలవి చాలావరకు తేల్చవచ్చు. కానీ దాటే చోట మ్యాపు తెగితే ఆ నియమానికి ఆధారమే ఉండదు. సీఎల్-డైస్ గురించి అంతసేపు చెప్పింది ఇందుకే.

నాళాల మ్యాపు నేరుగా వైద్యంలోకి వచ్చింది పసిపిల్లల దగ్గర. 34 వారాల కన్నా ముందు పుట్టిన, లేదా 2 కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డకు పుట్టిన 30 రోజుల లోపు రెటీనా పరీక్ష చేయించాలని మన దేశ మార్గదర్శకాలు చెబుతాయి. ఈ పిల్లలకు వచ్చే రెటీనా జబ్బు రాప్ (ROP)లో డిస్క్ దగ్గరి నాళాలు వెడల్పై మెలికలు తిరగడాన్ని ప్లస్ డిసీజ్ అంటారు, అది కనిపిస్తే ఆలస్యం చేయకుండా చికిత్స మొదలుపెట్టాలి. బెంగళూరు నారాయణ నేత్రాలయ 2008లో మొదలుపెట్టిన కిడ్‌రాప్ కార్యక్రమంలో శిక్షణ పొందిన టెక్నీషియన్లు కర్ణాటక జిల్లా ఆసుపత్రులకు కెమెరా తీసుకెళ్లి ఫోటోలు తీస్తే, నిపుణులు దూరం నుంచే చూసి చెబుతారు. చూసేవాళ్లు తక్కువ, పుట్టే పిల్లలు ఎక్కువ.

2018లో అమెరికాలో వచ్చిన ఐ-రాప్ వ్యవస్థ ఇక్కడ మ్యాపునే ఆధారం చేసుకుంది. మొదటి నెట్‌వర్క్, అది యూ-నెట్, పసికంటి ఫోటో నుంచి నాళాలను విడదీస్తుంది. రెండో నెట్‌వర్క్ ఆ నలుపు తెలుపు మ్యాపును మాత్రమే చూసి ప్లస్ ఉందా లేదా చెబుతుంది. రంగు, మసక, కెమెరా తేడాలు మొదటి మెట్టులోనే చాలావరకు వడపోతకు గురవుతాయి. 100 ఫోటోల విడి పరీక్షలో 93 శాతం సెన్సిటివిటీ వచ్చింది, ప్లస్ లేనివాటిలో 94 శాతం సరిగ్గా తేలాయి. దానికన్నా ముఖ్యమైనది దాని నుంచి పుట్టిన 1 నుంచి 9 వరకు ఉండే తీవ్రత స్కోరు. ప్లస్ ఉందా లేదా అన్న విషయంలో అనుభవజ్ఞులైన డాక్టర్లు కూడా ఒకరితో ఒకరు విభేదిస్తుంటారు. ఒక్కొక్కరూ గీత ఒక్కో చోట గీస్తారు. 2021లో ఈ వ్యాధి అంతర్జాతీయ వర్గీకరణను సవరించినప్పుడు ప్లస్ అనేది ఉంది, లేదు అనే రెండు గదుల వ్యవహారం కాదని, నాళాల మార్పులు ఒక కొస నుంచి ఇంకో కొసకు క్రమంగా సాగుతాయని రాశారు. స్కోరు ఉంటే గత వారం ఫోటోలో మూడున్న బిడ్డకు ఈ వారం ఐదు వచ్చిందని తెలుస్తుంది, ఇంకా ప్లస్ అనదగ్గ స్థాయికి రాకపోయినా మళ్లీ ఎప్పుడు చూడాలో డాక్టరు నిర్ణయించుకోవచ్చు.